సుషి కొట్టులో అసలు పనితనం అన్నంలోనే

టోక్యోలో రైల్వే స్టేషన్ దాటి ఇళ్ల సందుల్లోకి తిరిగితే కనిపించే చిన్న సుషి (వెనిగర్ కలిపిన అన్నపు ముద్ద మీద చేప ముక్క పెట్టే జపాన్ వంటకం) కొట్లలో ఎనిమిదో పదో కుర్చీలు, వాటి ముందు పొడవాటి చెక్క గట్టు, దాని మీద చేప ముక్కలు పేర్చిన గాజు పెట్టె ఉంటాయి. లోపలికి వచ్చినవాళ్ల కళ్లు ముందుగా ఆ గాజు పెట్టె మీదే పడతాయి. వంటవాడి చేతికి అందేటట్టు మూతపెట్టి ఉంచిన అన్నపు చెక్క డబ్బాను ఎవరూ పట్టించుకోరు. కానీ కొట్టు మంచిదా కాదా అన్నది తేలేది ఆ డబ్బాలోనే. మంచి చేప డబ్బు పెడితే తోయోసు చేపల మార్కెట్లో ఎవరికైనా దొరుకుతుంది. మంచి అన్నం మాత్రం కొట్టులోనే, ఆ పూటకా పూట వండుకోవాలి.

ఈ అన్నాన్ని అక్కడివాళ్లు షారి అంటారు. దీనికి వాడేది పొట్టి గింజ జపోనికా బియ్యం. కోషిహికారి లాంటి రకాల్లో అమైలోజ్ అనే పిండిపదార్థం 17 శాతం చుట్టుపక్కల ఉంటుంది. బాపట్లలో పుట్టిన మన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204లో అది ఇంచుమించు 24 శాతం. అమైలోజ్ ఎక్కువైతే అన్నం చల్లారాక మెతుకు మెతుకూ విడివడి గట్టిపడుతుంది, మనం పప్పు కలుపుకోవడానికి అదే బాగుంటుంది. తక్కువైతే మెతుకులు మెత్తగా ఉండి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుంటాయి. సాంబ మసూరితో సుషి చేయబోతే ముద్ద చేతిలోనే విరిగిపోవడానికి కారణం ఇదే. నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా ఉడికిస్తే ముద్ద నిలుస్తుందేమో గానీ, అప్పుడు గంజి జిగురే మిగులుతుంది తప్ప మెతుకు మిగలదు.

కొలతలు చెప్పుకుందాం. 450 గ్రాముల బియ్యాన్ని నీళ్లు దాదాపు తేటపడేదాకా కడిగి, అరగంట నానబెట్టి, వడకట్టాలి. మామూలు అన్నానికి పోసేదానికంటే నీళ్లు తగ్గించి, బియ్యం గిన్నెలో ఎంత కొలత వస్తే అంతే, అంటే 540 మిల్లీలీటర్లు పోయాలి. తర్వాత కలిపే వెనిగర్ కూడా తడే కాబట్టి ఈ తగ్గింపు. ఉడికాక మూత తీయకుండా పది పదిహేను నిమిషాలు మగ్గనివ్వాలి. ఈలోగా 80 మిల్లీలీటర్ల బియ్యపు వెనిగర్‌లో 40 గ్రాముల పంచదార, 12 గ్రాముల ఉప్పు వేసి, కరిగేదాకా గోరువెచ్చగా చేయాలి. మరగనిస్తే ఎసిటిక్ ఆమ్లం ఆవిరైపోయి పులుపు చస్తుంది. పాత టోక్యో పద్ధతి కొట్లు పంచదార బాగా తగ్గించి, సాకే అనే బియ్యపు మద్యం పిప్పితో చేసిన ఎర్ర వెనిగర్ వాడతాయి. అలాంటి చోట అన్నం లేత గోధుమ రంగులో ఉంటుంది. అది పాడైన అన్నం కాదు.

వేడి వేడి అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలోకి వంచి, వెనిగర్ చిలకరించి, చెక్క గరిటెను ఏటవాలుగా కోసినట్టు ఆడిస్తూ కలుపుతారు. గుండ్రంగా తిప్పితే మెతుకు చిట్లి గంజి బయటికి వస్తుంది. అన్నం చల్లారాక పోస్తే వెనిగర్ లోపలికి ఇంకదు, అడుగున మడుగు కడుతుంది. విసనకర్రతో విసిరేది మెతుకు పైనున్న అదనపు తడి త్వరగా ఆరడానికి. అందుకే పైన నిగనిగలాడే పూత వస్తుంది. తొట్టి చెక్కదే ఎందుకంటే, మిగులు తడిని అది పీల్చుకుంటుంది. వాడే ముందు దాన్ని నీళ్లతో తడిపి తుడవాలి, లేకపోతే వెనిగర్‌ను కూడా తాగేస్తుంది. స్టీలు పళ్లెంలో అయితే అడుగు మెతుకులు నీరుకారిపోతాయి. చివరికి అన్నం ఒంటి వేడికి, అంటే 36, 37 డిగ్రీల దగ్గరికి వచ్చాక మూతపెట్టి ఉంచుతారు.

అన్నం ఆ వెచ్చదనంలో ఉండాలనడానికి రుచి ఒక్కటే కారణం కాదు. ఉడికినప్పుడు నీళ్లు తాగి విచ్చుకున్న పిండి అణువులు చల్లబడేకొద్దీ మళ్లీ దగ్గరికి జరిగి, వరుసలు కట్టి, నీటిని బయటికి నెడతాయి. ఇది అన్నింటికంటే వేగంగా జరిగేది ఫ్రిజ్ చలిలో, సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య. సూపర్ మార్కెట్ చల్లటి అర నుంచి తెచ్చుకున్న సుషిలో అన్నం పలుకు పలుకుగా తగలడానికి కారణం ఇదే. పంచదార ఈ మార్పును నెమ్మది చేస్తుంది, అందుకే పార్శిల్ కోసం చేసే అన్నం కాస్త తియ్యగా ఉంటుంది.

మరి వెచ్చటి అన్నం గంటల తరబడి బయట ఉంటే ప్రమాదం కాదా? మామూలు అన్నమైతే ప్రమాదమే. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనరేణువులు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలకెత్తి, వాంతులు పుట్టించే విషం తయారుచేస్తాయి. తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. వెనిగర్ దీనికి అడ్డుకట్ట. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అమెరికాలో ఆరోగ్య శాఖలు సుషి అన్నం పీహెచ్ 4.6 దాటకూడదని పట్టుబడతాయి, చాలాచోట్ల 4.2 లోపే ఉండాలంటాయి. ఆ పులుపులో ఈ బాక్టీరియా పెరగలేదు. పులుపు నచ్చదని ఇంట్లో వెనిగర్ సగానికి తగ్గించేవాళ్లు రుచితో పాటు ఈ రక్షణనూ తగ్గించేసుకుంటున్నారు.

ఇక చేతిపని. ఇప్పటి కొట్లలో ఒక ముక్కకు 15 నుంచి 20 గ్రాముల అన్నం తీసుకుంటారు. చేతులకు వెనిగర్ నీళ్ల తడి చేసుకుని, నాలుగైదు కదలికల్లో ముద్ద కడతారు. పైన పట్టు ఉండాలి, లోపల గాలి ఉండాలి. వేళ్లతో ఎత్తితే విరగకూడదు, నోట్లో పెట్టగానే విడిపోవాలి. గట్టిగా పిసికితే మెతుకులు అతుక్కుని ముద్ద రబ్బరులా సాగుతుంది. అప్పట్లో ఎదో అని పిలిచిన టోక్యోలో, 1820ల కాలంలో హనాయ యోహేయి ఈ చేతి సుషికి పేరు తెచ్చాడని చెబుతారు. అప్పటి ముక్క ఇప్పటిదానికి రెండు మూడు రెట్లు ఉండేది. యుద్ధం ముగిశాక 1947లో బియ్యం కొరతతో ప్రభుత్వం భోజనశాలల మీద ఆంక్షలు పెడితే, టోక్యో సుషి వర్తకులు ఒక దారి కనిపెట్టారు. తినేవాళ్లు ఒక గో బియ్యం, అంటే 150 గ్రాములు తెస్తే, కూలి తీసుకుని పది ముక్కలు చేసిస్తామన్నారు. అనుమతి వచ్చింది. ఒక మనిషి భోజనం అంటే పది ముక్కలు అనే లెక్క చాలా కొట్లలో అప్పటినుంచి పాతుకుపోయింది.

చేప దగ్గరికి వస్తే, ఇప్పుడే పట్టిన చేపే అన్నింటికంటే రుచి అన్న నమ్మకాన్ని ముందు పక్కన పెట్టాలి. చేప చచ్చాక దాని కండలోని శక్తి అణువు ఏటీపీ మెట్టు మెట్టుగా విరుగుతుంది. మధ్యలో వచ్చేది ఐఎంపీ, కమ్మదనం ఇచ్చేది అదే. ఆ తర్వాతి మెట్లలో వచ్చే హైపోజాంథిన్ చేదు. అప్పుడే కోసిన సముద్రపు తెల్లచేప కరకరలాడుతుంది గానీ చప్పగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు చల్లగా ఉంచాక కమ్మబడుతుంది. ఇంకా ఉంచితే దిగజారుతుంది. ఏటీపీ ఇలా విరగడం ఎంత దూరం పోయిందో కొలవడానికి జపాన్ శాస్త్రవేత్తలు 1959లో కె-విలువ అనే లెక్క ప్రతిపాదించారు. పచ్చిగా తినే చేపకు అది 20 శాతం లోపు ఉండాలన్నది వాడుక. చేప గిలగిలా కొట్టుకుంటూ చస్తే ఏటీపీ ముందే ఖర్చైపోతుంది. అందుకే ఇకెజిమె పద్ధతిలో మెదడులో ఒక్క పోటు పొడిచి, నెత్తురు కార్చేసి, వెన్నుపాములోకి సన్నటి తీగ దూరుస్తారు. కండ బిగుసుకోవడం ఆలస్యమవుతుంది, కమ్మదనం రావడానికి వ్యవధి దొరుకుతుంది.

ఆ ఐఎంపీకి తోడు సోయా సాస్‌లో గ్లుటమేట్ ఉంటుంది. గ్లుటమేట్ రుచిని 1908లో కికునయె ఇకెద గుర్తించారు, ఐఎంపీని 1913లో షింతారో కొదమ. ఈ రెండూ నాలుక మీద కలిస్తే కమ్మదనం విడివిడి రుచుల మొత్తానికి అనేక రెట్లు పెరుగుతుంది. సోయాలో చేప వైపే ముంచమనడం ఉత్త మర్యాద కోసం కాదు. అన్నం వైపు ముంచితే వదులుగా కట్టిన ముద్ద సోయాను గబగబా పీల్చుకుని విడిపోతుంది, ఉప్పు తప్ప మరేదీ తెలియదు. వంటవాడే కుంచెతో సాస్ రాసి ఇచ్చినప్పుడు మళ్లీ ముంచనక్కర్లేదు.

ట్యూనాకు ఇంకో చిక్కుంది. దాని ఎర్రదనం మయోగ్లోబిన్ వల్ల. అది గాలి తగిలి మెట్‌మయోగ్లోబిన్‌గా మారితే ముక్క గోధుమ రంగుకు తిరుగుతుంది. మామూలు ఫ్రీజర్ చలిలో కూడా ఈ మార్పు ఆగదు. దూర సముద్రాల్లో పట్టిన ట్యూనాను మైనస్ 60 డిగ్రీల్లో నిలవ చేయడం అందుకే. ఫ్రిజ్‌లు లేని కాలంలో టోక్యో కొట్లవాళ్లు ట్యూనాను సోయాలో నానబెట్టేవారు, కొహద అనే చిన్న చేపను ఉప్పు, వెనిగర్లలో ఊరబెట్టేవారు. ఆ పద్ధతులు నేటికీ నడుస్తున్నాయి, ఒక కొట్టు చెయ్యి ఎలాంటిదో చూడాలంటే ముందుగా కొహద అడగడం మేలు. మలుగుపామును మాత్రం మామూలుగా పచ్చిగా పెట్టరు. దాని నెత్తురులో విషముంటుంది, వేడికి అది నశిస్తుంది.

పచ్చి చేప అనగానే అడగాల్సిన మొదటి ప్రశ్న పురుగుల గురించి. అనిసాకిస్ అనే తెల్లటి దారప్పోగు లాంటి పిల్లపురుగు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. మన కానాగంతల కుటుంబానికే చెందిన సబా, స్క్విడ్, సముద్రంలో తిరిగే సాల్మన్ వీటిలో కనిపిస్తుంది. బతికున్నది కడుపులోకి పోతే కొన్ని గంటల్లోనే పైకడుపులో భరించలేని నొప్పి మొదలవుతుంది, ఎండోస్కోపీతో పట్టి తీయాలి. వెనిగర్, ఉప్పు, సుషితో పెట్టే వసాబి అనే ఘాటైన ఆకుపచ్చ ముద్ద, ఏవీ దీన్ని చంపవు. ఊరబెట్టిన సబా తిని జబ్బుపడేవాళ్లు ఉండేది అందుకే. చంపేవి వేడి, గడ్డకట్టే చలి. జపాన్, యూరప్ నియమాల ప్రకారం మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు, అదీ చేప నడిమధ్య దాకా ఆ చలి చేరాక. అమెరికా నియమం మైనస్ 20లో ఏడు రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టించి అక్కడే 15 గంటలు. ఇంటి ఫ్రీజర్ చాలావరకు మైనస్ 18 దగ్గరే ఆగుతుంది, తలుపు తెరిచినప్పుడల్లా పైకి పోతుంది. దాన్ని నమ్ముకోకూడదు. చేప చచ్చాక పురుగులు పేగుల నుంచి కండలోకి పాకుతాయి గనుక, తెచ్చిన వెంటనే కడుపు శుభ్రం చేయడం కొట్టువాడి మొదటి పని.

సాల్మన్ సుషి పాత జపాన్ వంటకమని చాలామంది అనుకుంటారు. అక్కడివాళ్లు తమ సాల్మన్‌ను పురుగుల భయంతో పచ్చిగా ముట్టేవారు కాదు. గుళికల మేతతో పెంచిన సాల్మన్‌ను 1980లలో నార్వే తెచ్చి పరిచయం చేశాకే అది సుషి గట్టెక్కింది. ప్యాకెట్ల మీద కనిపించే సుషి గ్రేడ్ అన్న మాటకు అమెరికా చట్టంలో నిర్వచనమే లేదు. ఏ చలిలో ఎన్నాళ్లు ఉంచారని అడగడమే పద్ధతి. ఇంట్లో ప్రయత్నించే తెలుగువాళ్లకు ఒక్క హెచ్చరిక: బొచ్చె, శీలావతి, కొర్రమీను లాంటి మంచినీటి చేపల్ని పచ్చిగా వాడవద్దు. వాటిలో ఉండగల కాలేయపు పురుగులు, నాథోస్టోమా అనే పురుగు వేరే జాతి ప్రమాదాలు. ఉడికించిన రొయ్యలు, గుడ్డు అట్టు, దోసకాయలతో చేసుకుంటే లోటేమీ ఉండదు.

వసాబి ఘాటు మనకు పరాయిది కాదు. పనసపొట్టు ఆవపెట్టిన కూర తిన్నవాళ్లకు ముక్కులోకి ఎక్కే ఆ మంట తెలుసు. రెండింటిలోనూ అణువు ఒక్కటే, అల్లైల్ ఐసోథయోసైనేట్. మొక్కలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక గదిలో, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరో గదిలో ఉంటాయి. నూరితేనో తురిమితేనో గోడలు పగిలి, తడిలో రెండూ కలిసి ఘాటు పుడుతుంది. కూర దించాకే ఆవ కలపడం ఎందుకో కూడా ఇందులోనే ఉంది. పొయ్యి మీద వేస్తే ఘాటు ఆవిరైపోతుంది, చేదు మిగులుతుంది. షిజుఒక కొండవాగుల చల్లటి పారే నీటిలో పెరిగే వసాబిని షార్క్ చర్మం అతికించిన తురుముపీట మీద గుండ్రంగా, మెత్తగా తురుముతారు. పావుగంట గడిస్తే ఘాటు పలచబడుతుంది. అందుకే మంచి కొట్టులో కొంచెం కొంచెంగా తురిమి, చేపకూ అన్నానికీ మధ్య మూసిపెడతారు. చౌక చోట్ల దొరికే ఆకుపచ్చ ముద్ద చాలావరకు హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరు, ఆవపిండి, రంగు. హానికరం కాదు, కానీ వసాబిలోని తియ్యటి పచ్చి వాసన అందులో ఉండదు.

నోరి అనే ఎండు సముద్రపు నాచు తడిని ఇట్టే లాగేస్తుంది. చుట్టి చేతికిచ్చిన రోల్‌ను వెంటనే కొరకాలి. రెండు నిమిషాలు మాటల్లో పడితే అది తోలులా సాగుతుంది. ఈ నాచు మొలక ఎక్కడి నుంచి వస్తుందో సాగుదార్లకు చాలాకాలం తెలియదు. దాని జీవితంలో ఒక దశ గవ్వచిప్పల్లో గడుస్తుందని 1949లో బ్రిటిష్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ కనిపెట్టాకే సాగు నిలదొక్కుకుంది. కుమమోతో ప్రాంతంలో ఆమెకు స్మారకం కట్టారు. పక్కన పెట్టే అల్లం ముక్క ఒక చేపకూ మరో చేపకూ మధ్య నోరు కడుక్కోవడానికి, సుషి మీద వేసుకోవడానికి కాదు. వేడి గ్రీన్ టీ చేప కొవ్వును నాలుక మీంచి దించుతుంది.

గట్టు ముందు కూర్చున్నవాళ్లు తెల్లచేపలతో మొదలుపెట్టి, ఊరబెట్టిన వాటి మీదుగా ట్యూనా పొట్టభాగం లాంటి కొవ్వు ముక్కల వైపు వెళ్తే ఒకదాని రుచి మరొకదాన్ని మింగేయదు. పెట్టిన ముక్కను ఫోటోల కోసం ఆపితే కింద అన్నం చల్లారుతుంది, పైన చేప వెచ్చబడుతుంది, రెండూ చెడే దిశలోనే పోతాయి. పార్శిల్‌లో ఈ తగువు ఇంకా పెద్దది. అన్నానికి ఫ్రిజ్ గిట్టదు, పచ్చి చేపకు ఫ్రిజ్ లేనిదే కుదరదు. పైగా ట్యూనా, సబా వెచ్చగా ఉంటే బాక్టీరియా వాటిలో హిస్టమిన్ తయారుచేస్తుంది. అది వండినా పోదు, ఒళ్లంతా ఎర్రబారి దద్దుర్లు లేస్తాయి. దూరం తీసుకెళ్లాల్సి వస్తే పచ్చి చేపది కాకుండా, తియ్యగా ఉడికించిన వేయించిన టోఫు సంచుల్లో అన్నం కూరిన ఇనారిని గానీ, గుడ్డు, కూరగాయలు పెట్టి చుట్టిన లావు రోల్‌ను గానీ అడగండి. వాటిని ఆ పూటలో ఎప్పుడు తిన్నా రుచి పెద్దగా తగ్గదు.