తేలిక నీరు, బరువు నీరు, అడుగున కొండ

కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొని పోయే గోదావరి వరద బంగాళాఖాతంలో పడగానే కలిసిపోదు. మంచినీళ్లు తేలిక. గంగ, బ్రహ్మపుత్ర, మయన్మార్‌లోని ఇరావతి నీళ్లలాగే అదీ ఉప్పునీటి మీద పొరగా పరుచుకుంటుంది. సముద్రం లోపలి అలకు ఇలాంటి పొరలే ఆధారం. అవి లేకుంటే ఆటుపోటు, అడుగున కొండ రెండూ ఉన్నా ఆ అల పుట్టదు.

ఆటుపోటు తీరంతో ఆగదు. సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి సముద్రపు నీటిని పైనుంచి అడుగుదాకా అటూ ఇటూ జరుపుతుంది. మునిగిన కొండల వరుస అడ్డొస్తే అడుగునీరు వాలు ఎక్కుతుంది. బరువైన ఆ చల్లనీరు తేలిక నీటి మధ్య నిలవలేక కిందికి జారుతుంది, జారిన ఊపులో తన మట్టం దాటిపోతుంది. ఆ ఊగిసలాటే పొరల వెంట అలగా సాగుతుంది. పై నీటికీ కింది నీటికీ బరువులో తేడా ఒక శాతం కూడా ఉండదు. వెనక్కి లాగే బలం అంత తక్కువ కనుకే అల నెమ్మది, ఎత్తు మాత్రం భారీ. సుమత్రా వాయవ్య తీరం దగ్గర అలాంటి అల దాదాపు 80 మీటర్ల ఎత్తున ఉన్నట్టు 1965లో ప్రకటించారు. ఓడలోవాళ్లకు పైన కనిపించేది చిన్న అలలు రేగిన పట్టీలే.

వరంగల్‌లోనో జగిత్యాలలోనో ఏ బడి ల్యాబులోనైనా దీన్ని చూపొచ్చు. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పున్న చేపల తొట్టి చాలు. నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువుగా సగానికి కోసి ముందే అడుగున బోర్లించాలి. 18 లీటర్లలో 630 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి, నీలి సిరా కలిపి పోస్తే 10 సెం.మీ. పొర వస్తుంది. దానిమీద థర్మోకోల్ ముక్క తేలేసి, ఇంకో 18 లీటర్ల మంచినీళ్లు సన్నటి ధారగా ఆ ముక్క మీదే పోయాలి. తొందరపడితే రెండు పొరల మధ్య గీత చెదిరిపోతుంది, మళ్లీ మొదటినుంచే. ఇక ఊచతో పైపును 5 సెం.మీ. అటూ ఇటూ, ఒక్కో రాకపోకకు 10 సెకన్లు పట్టేలా జరపండి. నీలిగీత మీద లేచిన అల ఆ చివరకు చేరడానికి 5, 6 సెకన్లు తీసుకుంటుంది. పైనీటి అలకైతే అర సెకను చాలు. పైపును వడిగా లాగితే పొరలు కలిసిపోతాయి.

తొట్టిలో చెడగొట్టే ఆ కలయికే సముద్రానికి కావాలి. అల విరిగినచోట పోషకాలున్న చల్లనీరు పైకొస్తుంది. ఆటుపోట్ల శక్తిలో దాదాపు 1 టెరావాట్ (లక్ష కోట్ల వాట్లు) లోతైన సముద్రంలో, ముఖ్యంగా కొండలూ గట్లూ ఉన్నచోటే ఖర్చవుతోందని 2000లో ఎగ్‌బర్ట్, రే అనే శాస్త్రవేత్తలు ఉపగ్రహ కొలతలతో లెక్కగట్టారు.