ఆ జారేదంతా చీము కాదు: ఆల్జినేట్ కట్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: "కట్టు విప్పితే పసుపుపచ్చగా జారుతోంది, చీము పట్టేసింది."

ఆల్జినేట్ జెల్‌ల మీద పని చేస్తూ వార్డులకు వెళ్ళే నాకు ఈ మాట వినపడని వారం లేదు. ఆ కంగారు అర్థమవుతుంది. షుగర్ ఉన్న మనిషికి కాలి పుండు పడితే వేలు తీసేస్తారేమో, కాలే తీసేస్తారేమో అని ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

వాస్తవం: పొడిగా, తెల్లగా పెట్టిన కాల్షియం ఆల్జినేట్ కట్టు గాయం మీద తడిసి జెల్ కావాలి. దాని పనే అది. ఆల్జినేట్ అంటే గోధుమరంగు సముద్రపు నాచులోంచి తీసే పాలీశాకరైడ్, అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసు. మన దేశంలో తమిళనాడులోని మండపం తీరపు సర్గాసం నాచు నుంచి తీస్తారు. దాని గొలుసుల్లో గులురోనిక్ ఆమ్లం అనే చక్కెర రకం అణువు వరసగా వచ్చేచోట గుంటలుంటాయి. రెండు గొలుసులు ఎదురుపడితే ఆ గుంటల్లో కాల్షియం అయాన్లు అట్టపెట్టెలో కోడిగుడ్లలా కుదురుకుంటాయి. 1973లో వచ్చిన ఈ నమూనాకు 'ఎగ్ బాక్స్' అనే పేరు. ఇలా జెల్ కావడానికి వేడి అక్కర్లేదు. సోడియం ఆల్జినేట్ చుక్కను కాల్షియం క్లోరైడ్ నీళ్ళలో వదిలితే, తాకీ తాకగానే పైపొర గట్టిపడి గుండ్రటి పూస తయారవుతుంది.

గాయం మీద ఇదే తిరగబడుతుంది. రసిలోని, అంటే పుండులో ఊరే నీటిలోని, సోడియం కట్టు పోగుల్లోకి వెళ్తుంది, కాల్షియం బయటికొస్తుంది, పట్టు సడలిన పోగులు రసిని పీల్చి ఉబ్బి జెల్ అవుతాయి. రసి రంగూ, కాస్త వాసనా వాటికీ అంటుతాయి. సెలైన్‌తో కడిగితే పోతాయి. కడిగినా దుర్వాసన పోకపోతే, చుట్టూ చర్మం ఎర్రబడి వేడిగా వాపు పాకుతుంటే, జ్వరం వస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగర్‌తో స్పర్శ తగ్గిన కాలికి నొప్పి తెలియదు, "నొప్పి లేదుగా" అని ఊరుకోకండి.

ఒక పెద్దాయన మడమ పుండులో ఎర్రటి కొత్త కండ పడుతోంది. ఇంట్లో కట్టు ఊడి, జెల్ చూసి కోడలు హడలిపోయింది. "చీమే, గీకి తీసెయ్" అంది పక్కింటావిడ. గుడ్డతో రుద్ది పసుపూ, కలబంద గుజ్జూ దట్టించారు. మా దగ్గరికొచ్చేసరికి కొత్త కండ ఊడి నెత్తురు కారుతోంది, అంచుల్లో ఈసారి నిజంగానే చీము. "మామయ్యకు మంచి చేద్దామనే కదా మేడమ్" అని ఆ అమ్మాయి ఒకటే ఏడుపు. తప్పు ఆమెది కాదు. కట్టు కట్టినచోట "ఇది జెల్ అవుతుంది, భయపడకండి" అని ఒక్కరూ చెప్పలేదు.

అపోహ: "మొక్కల జెల్లే కదా, పెరట్లో కలబంద చాలదా?"

చాలదు. వాట్సాప్‌లో ఇది తిప్పేవాళ్ళను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. కలబందలోనూ పాలీశాకరైడ్లున్నాయి, కాదనను. కానీ కోసిన ఆకుతో మట్టీ బాక్టీరియా కూడా పుండులోకి వెళ్తాయి. వైద్యానికి వాడే ఆల్జినేట్‌ను శుద్ధి చేసి, స్టెరైల్ చేసి ప్యాక్ చేస్తారు. చింతగింజల్లోని జైలోగ్లూకాన్ అనే పాలీశాకరైడ్ కంటి చుక్కల్లో ఉందని గింజ అరగదీసి కంట్లో పెట్టుకోవడమూ ఇలాంటిదే.

ఆల్జినేట్ ఒంటికి విషమన్నది ఉత్త పుకారు, పళ్ళ డాక్టరు నోట్లో అచ్చు తీసే ముద్ద కూడా ఆల్జినేటే. అలాగని అన్ని పుండ్లకూ పనికిరాదు: రసి లేని పొడి పుండుకు అంటుకుపోతుంది.

కట్టు కట్టించుకున్నప్పుడే నర్సమ్మను అడగండి: ఇది ఏ రకం, తడిస్తే ఎలా మారుతుంది, మళ్ళీ ఎప్పుడు మార్చాలి. ఇంట్లో విప్పాల్సి వస్తే గీకకండి, సెలైన్ పోసి కడగండి.