తారురోడ్డు మీద ఓడి, మంచులో గెలిచిన ఫోర్ వీల్ డ్రైవ్

1983 ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో తయారీదారుల టైటిల్ కోసం పోటీ ప్రధానంగా రెండు కార్ల మధ్యనే నడిచింది. జర్మనీ కంపెనీ ఆడి తయారు చేసిన క్వాట్రోలో ఇంజిను శక్తి నాలుగు చక్రాలకూ వెళ్లేది; ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఇదే. ఇటలీ వారి లాంచియా 037లో వెనక చక్రాలు రెండింటికే వెళ్లేది. 1980లో జెనీవా మోటారు ప్రదర్శనలో క్వాట్రో కనిపించిన నాటి నుంచీ రెండు చక్రాల చోదనానికి కాలం చెల్లిందన్న అభిప్రాయం బలపడుతూ వచ్చినా, 1983 టైటిల్ రెండు పాయింట్ల తేడాతో లాంచియాకే దక్కింది. ఫలితాలను రోడ్ల వారీగా చూస్తే విషయం కొంత తేటపడుతుంది. మంచు నిండిన స్వీడన్‌లోనూ, ఫిన్లాండ్ కంకర దారుల మీదా, బ్రిటన్ అడవి దారుల్లోనూ ఆడి గెలిచింది. తారురోడ్ల మీద సాగే కోర్సికా ర్యాలీనీ, ఆ సంవత్సరం మంచు పెద్దగా లేని మాంటీకార్లో ర్యాలీనీ లాంచియా గెలుచుకుంది. గ్రీసు, న్యూజీలాండ్ కంకర దారుల మీద కూడా లాంచియాయే గెలిచింది కనుక దీన్ని తిరుగులేని రుజువుగా చూపలేము. కారు చెడిపోకుండా చివరిదాకా రావడం కూడా ర్యాలీ గెలుపులో భాగమే. అయినా రోడ్డును బట్టి ఫోర్ వీల్ డ్రైవ్ విలువ ఎంతగా మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

కారును ముందుకు నెట్టేదీ, ఆపేదీ, మలుపు తిప్పేదీ ఒక్కో టైరు కింద అరచేయంత మేర రోడ్డును తాకి ఉండే రబ్బరు మాత్రమే. ఆ కాస్త రబ్బరు ఎంత బలాన్ని రోడ్డుకు అందించగలదన్నది దాని మీద పడే బరువును బట్టీ, రబ్బరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ గుణకాన్ని, అంటే పట్టు ఎంతో చెప్పే అంకెను బట్టీ ఉంటుంది. పొడి తారు మీద ఈ గుణకం సుమారు 0.8 నుంచి 0.9 వరకూ, తడి తారు మీద 0.5, 0.6 ప్రాంతంలోనూ, తొక్కుడుకు గట్టిపడిన మంచు మీద 0.2 దగ్గరా, నున్నటి గడ్డ మంచు మీద 0.1 దగ్గరా ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఈ అంకెల్లో దేన్నీ పెంచదు. ఉన్న పట్టును నాలుగు టైర్ల నుంచీ రాబట్టుకునే వీలు మాత్రమే కల్పిస్తుంది.

ఆ వీలు ఎప్పుడు ఎంత పనికొస్తుందో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. 1500 కిలోల కారులో 60 శాతం బరువు ముందు చక్రాల మీద ఉండి, ఇంజిను శక్తి వాటికే అందుతుందని అనుకుందాం. గుణకం 0.2 ఉన్న మంచు మీద ఆ కారు గురుత్వ త్వరణంలో 12 శాతానికి మించి వేగం పుంజుకోలేదు. అంటే సుమారు ఎనిమిదికి ఒకటి కన్నా నిటారైన ఎత్తును ఎక్కలేదు. అదే కారు నాలుగు చక్రాలతో నడిస్తే 20 శాతం దొరుకుతుంది, అయిదుకు ఒకటి ఎత్తు కూడా సాధ్యమవుతుంది. పొడి తారు మీద ఇదే లెక్క 48 శాతం, 80 శాతంగా తేలుతుంది. అయితే 100 హార్స్‌పవర్ ఇంజిను గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ బరువుకు ఇవ్వగలిగేది 30 శాతం మాత్రమే. వాడుకోవడానికి ఇంజినులోనే శక్తి లేనప్పుడు అదనపు పట్టు ఉండి ఏం లాభం? అందుకే మామూలు కారుకు పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ అదనపు బరువుగానూ, అదనపు ఇంధన ఖర్చుగానూ మిగులుతుంది. ఫార్ములా వన్ జట్లకూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. 1961లో ఇంగ్లాండ్‌లోని ఓల్టన్ పార్క్‌లో, తడి ట్రాక్ మీద, ఫెర్గూసన్ పీ99 అనే ఫోర్ వీల్ డ్రైవ్ కారుతో స్టిర్లింగ్ మాస్ గెలిచాడు. 1969లో లోటస్, మాత్రా, మెక్‌లారెన్ జట్లు అదే దారి పట్టి, బరువు తప్ప పెద్దగా ప్రయోజనం కనిపించక వదిలేశాయి.

బ్రేకు సంగతి వేరు. రెండు చక్రాలతో నడిచే కారుకైనా, నాలుగు చక్రాలతో నడిచే కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బ్రేకు తొక్కితే పొడి తారు మీద సుమారు 12 మీటర్లలో, మంచు మీద సుమారు 49 మీటర్లలో ఏ కారైనా ఆగుతుంది. ప్రమాదం ఇక్కడే దాగి ఉందని నా అభిప్రాయం: జారుడు రోడ్డు మీద కూడా ఫోర్ వీల్ డ్రైవ్ కారు చులాగ్గా వేగం అందుకోవడంతో, రోడ్డు ఎంత జారుతోందో నడిపేవారికి బ్రేకు తొక్కేదాకా తెలియదు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో స్థిరపడి మొదటిసారి మంచును చూసే తెలుగువారు ముందుగా ఆల్ వీల్ డ్రైవ్ కారు, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే కారు కొనడం గురించే ఆలోచిస్తారు. కానీ ఆగడానికీ, మలుపు తిరగడానికీ కూడా తోడ్పడేవి మంచు మీద పట్టు కోసం చేసిన శీతాకాలపు టైర్లే.

మలుపులో లెక్క ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. టైరుకున్న మొత్తం పట్టులోనే ముందుకు నెట్టే బలమూ, పక్కకు లాగి మలుపులో నిలిపే బలమూ వాటాలు పంచుకోవాలి. ముందు చక్రాలతో నడిచే కారులో మలుపు మధ్య యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే ఆ చక్రాలకు కారును మలుపు తిప్పే పట్టు తగ్గి, ముక్కు మలుపు బయటికి పోతుంది. వెనక చక్రాలతో నడిచే కారులో తోక బయటికి వస్తుంది. నెట్టే పని నాలుగింటికీ పంచితే ఒక్కో టైరు మీద భారం తగ్గి, పక్క పట్టుకు ఎక్కువ మిగులుతుంది. తడి రోడ్డు మీద మలుపు దాటి వేగం పుంజుకునేటప్పుడు కలిగే నిలకడకు కారణం ఇదే. కానీ యాక్సిలరేటర్ వదిలేసి, మితిమీరిన వేగంతో మలుపులోకి దిగిన కారును ఏ డ్రైవూ కాపాడదు. రోడ్డు మీద నిలిచిన నీటిపై టైరు తేలిపోయినప్పుడు కూడా అంతే.

మన దేశంలో మహీంద్రా థార్, మారుతి జిమ్నీ వంటి బండ్లలో ఉన్నది పార్ట్‌టైమ్ పద్ధతి, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి పంపేది. లివరును 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి పంపే మామూలు వేగపు గేరులో) పెడితే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ వెళ్లే షాఫ్టులు రెండూ కట్టివేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. అయితే మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం పోవాలి. మూడు డోర్ల థార్‌లో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు మధ్య భాగం 5 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే ముందు ఇరుసు మధ్య భాగం సుమారు 5.57 మీటర్ల వ్యాసార్ధంలో, అంటే 11 శాతం ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలోనో, ఇసుకలోనో ఈ తేడా టైర్లు కాస్త జారడంతో సర్దుకుంటుంది. పొడి తారు మీద టైర్లు జారవు కనుక ఆ బిగింపంతా షాఫ్టుల్లోనూ, గేర్లలోనూ పేరుకుంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు కీచుమంటాయి, బండి తిరగనని మొరాయిస్తుంది. అరకు ఘాట్‌లో చినుకులు పడగానే 4హెచ్ వేసేవారికి ఇది తెలియాలి. హెయిర్‌పిన్ మలుపుల తారురోడ్డు మీద, అది తడిగా ఉన్నా సరే, ఆ గేరు మేలు కన్నా కీడే ఎక్కువ చేయవచ్చు. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫుల్‌టైమ్ పద్ధతి బండ్లలో రెండు ఇరుసుల మధ్య ఇంకో డిఫరెన్షియల్ (రెండు వైపులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండి ఈ 11 శాతాన్ని సర్దుతుంది. 1970 నాటి రేంజ్ రోవర్‌లోనే ఆ ఏర్పాటు ఉంది.

డిఫరెన్షియల్‌కు ఉన్న లోపం బురదలో బయటపడుతుంది. అది రెండు వైపులా సమానమైన తిప్పుబలాన్నే పంపగలదు కనుక, ఒక చక్రం గాలిలోనో, బురదలోనో ఊరకే తిరుగుతుంటే గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ ఆ కొద్ది బలమే అందుతుంది. మన ట్రాక్టరు డ్రైవర్లకు ఇది కొత్త సంగతి కాదు. దిగబడ్డ ట్రాక్టరును బయటికి తీయడానికి వారు తొక్కే డిఫరెన్షియల్ లాక్ పెడలు ఈ లోపానికి విరుగుడే. తడిసిన నల్లరేగడిలో టైరు గాళ్లు మట్టితో నిండిపోయాక నాలుగు చక్రాలకూ శక్తి అందినా నాలుగూ జారతాయి. అందుకే వరి మడిలో దమ్ముకు టైరుతో పాటు ఇనుప కేజ్ వీల్స్ కావాలి. ఇసుకలో ఇబ్బంది మరో రకం. అక్కడ చక్రం పూడిపోకుండా చూడాలి కనుక టైర్లలో గాలి తగ్గించి, నేలను తాకే వైశాల్యం పెంచడమే ముందు చేయవలసిన పని.

ఇంతకుముందు ఆగడంలో ఫోర్ వీల్ డ్రైవ్ సాయపడదన్న మాటకు ఒక్క మినహాయింపు ఉంది. ఏటవాలు దిగేటప్పుడు బ్రేకు వాడకుండా చిన్న గేరులో ఇంజినుతోనే బండిని నిలువరిస్తే, ఆ నిలువరింపు రెండు చక్రాల మీదే పడినప్పుడు అవి జారే ప్రమాదం ఉంది. 4ఎల్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి పంపే తక్కువ వేగపు గేరులో) అది నాలుగింటి మీదా పంచుకుంటుంది. విద్యుత్ కార్లలో యాక్సిలరేటర్ వదలగానే మోటారే బ్రేకులా పనిచేస్తుంది కాబట్టి ఈ సంగతికి మరింత ప్రాధాన్యం వచ్చింది. వెనక మోటారు ఒక్కటే ఉన్న కారు మంచు దిగుడులో ఈ విధంగా గట్టిగా వేగం తగ్గిస్తే తోక తిరగవచ్చు కనుక, జారుడును పసిగట్టగానే కంప్యూటరు ఆ బలాన్ని తగ్గించవలసి వస్తుంది. రెండు ఇరుసులకూ వేర్వేరు మోటార్లున్న కారులో ఆ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచవచ్చు. పైగా మధ్యలో షాఫ్టు లేదు కనుక థార్‌ను మొరాయింపజేసే బిగింపుకు అందులో తావే లేదు.