బ్రౌజర్‌లో బొమ్మ రాని కథ

శ్రీకాకుళంలో డిగ్రీ చదివే మా మేనల్లుడు పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాడు. మూడో రోజే ఫోన్. "మావయ్యా, యూట్యూబ్ బాగానే వస్తంది. సినిమాల సైట్లోనే బొమ్మ రాట్నేదు. ఫైర్‌ఫాక్స్ డీఆర్‌ఎం ఆన్ చెయ్యమంటంది." డీఆర్‌ఎం అంటే సినిమాలు కాపీ కాకుండా వేసే తాళం. ఆన్ చెయ్యమన్నాను, ఆడింది. రెండు నిమిషాల పని. ఒకప్పుడు ఇదే పనికి నాకు ఆదివారమంతా పట్టేది.

అప్పట్లో బ్రౌజర్‌కి సొంతంగా వీడియో ఆడించడం తెలియదు. ఆ పనిని బయటి ప్రోగ్రాముకు అప్పగించే ప్లగిన్ ఏర్పాటు నెట్‌స్కేప్ రెండో వెర్షన్‌తో వచ్చింది. తర్వాత ఆ రాజ్యమంతా ఫ్లాష్ అనే ప్లగిన్ ఏలింది. మాక్రోమీడియా కంపెనీ దగ్గరున్న ఫ్లాష్ 2005లో అడోబీ చేతికెళ్లింది. ఎవరి చేతిలో ఉన్నా సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము అసలు రాత, మాత్రం బయటికి రాలేదు. లైనక్స్‌లో మిగతావన్నీ విప్పి బాగుచేసుకోగలిగిన వాళ్లు కూడా దీని కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడాల్సిందే. విండోస్ వాళ్లకి ఫ్లాష్ 8 వచ్చినా లైనక్స్ వాళ్లకి 7తోనే సరి. మనకు 8 అసలు రానేలేదు, 2007 జనవరిలో ఏకంగా 9 ఇచ్చారు.

అదీ 32 బిట్‌కే. 64 బిట్ సిస్టమ్ వేసుకున్నవాళ్లు ఎన్‌ఎస్‌ప్లగిన్‌రాపర్ అనే మధ్యవర్తిని పెట్టుకునేవాళ్లు. అది తరచూ పడిపోయేది, వీడియో ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా మిగిలేది. లిబ్‌ఫ్లాష్‌ప్లేయర్ ఫైలును మొజిల్లా ప్లగిన్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేయడం, బ్రౌజర్ మూసి తెరవడం, మళ్లీ అదే డబ్బా. 64 బిట్‌కి పక్కా వెర్షన్ 2011లో గానీ రాలేదు. గ్నాష్ అనే స్వేచ్ఛా ప్రత్యామ్నాయం ఉండేది గానీ, నా దగ్గర అది ఆడిన రోజుల కంటే ఆడని రోజులే ఎక్కువ.

పాటల గొడవ వేరు. ఎంపీ3 మీద పేటెంట్లుండేవి కాబట్టి ఫెడోరా అనే ఇంకో లైనక్స్ దాన్ని కలిపి ఇచ్చేది కాదు. ఉబుంటులో రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ అనే ప్యాకేజీని విడిగా వేసుకోవాలి. అందులో ఫాంట్ల లైసెన్స్ తెర ఒకటి అడ్డుపడేది. దానిమీద ఓకే ఉంటుంది, మౌస్‌తో ఎంత నొక్కినా కదలదు. ట్యాబ్ కొట్టాలని తెలియక నేను కంప్యూటరే ఆపేశాను.

చివరికి చిక్కు విడిపోయింది ప్లగిన్ బాగుపడి కాదు, ప్లగినే పోయి. 2015 జనవరిలో యూట్యూబ్, ప్లగిన్ లేకుండా బ్రౌజరే వీడియో ఆడించే హెచ్‌టీఎంఎల్5కి మారింది. 2017లో ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్ తప్ప మిగతా ప్లగిన్లన్నిటినీ తీసేసింది. ఎంపీ3 లైసెన్సుల వ్యవహారం కూడా ఆ ఏడాదే ముగిసింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి అడోబీ మద్దతు ఆగిపోయింది.

అయితే మూత వేసిన డబ్బా ఒకటి మిగిలింది, గూగుల్ వారి వైడ్‌వైన్. డబ్బు కట్టి చూసే సినిమాలకు తాళం తీసేది అదే. దాని కోడ్ కూడా బయటికి రాదు. అందుకే లైనక్స్ ఫైర్‌ఫాక్స్‌లో డీఆర్‌ఎం మొదట ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఒప్పుకుని ఆన్ చేసుకోవాలి.

నిన్న మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. బొమ్మ వస్తోంది గానీ మసగ్గా ఉందట. లైనక్స్‌లో ఆ తాళం సాఫ్ట్‌వేర్‌తోనే తెరుచుకుంటుంది, చాలా సైట్లు అలాంటి చోటికి పెద్ద రిజల్యూషన్ పంపవు. దీనికి నా దగ్గర ట్యాబ్ మీట లేదు.