నెలలు నిండని బిడ్డ ఐసీయూలో ఉంటే: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో పసిపిల్లల ఐసీయూలో నర్సుగా పనిచేస్తున్నాను. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి, ఒక్కోసారి ఒంగోలు దగ్గరి ఊళ్ల నుంచి కూడా నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని మా దగ్గరికి తెస్తారు. బిడ్డ లోపల ఉంటే, బయట కూర్చున్న అమ్మానాన్నలకు వచ్చినవాళ్లు తలా ఒక మాట చెప్పిపోతారు. వాటిలో కొన్ని వట్టి భయాలు, కొన్ని మాత్రం బిడ్డకే చేటు చేసేవి. "ఈరోజు ఎట్టా ఉంది సిస్టర్?" అని అడిగే ప్రతి తల్లికీ పక్కన కూర్చుని చెప్పాలనిపించేవి ఇక్కడ రాస్తున్నాను.

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు."

ఇది తప్పు. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువుంటే బిడ్డకు అంత మేలు. ఎనిమిదో నెల బిడ్డ ఊపిరితిత్తులు ఏడో నెల బిడ్డవాటి కంటే ఎక్కువ ఎదిగి ఉంటాయి. ఈ మాట నమ్మి, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ మీద ముందే ఆశ వదులుకునే పెద్దవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. నెలలు నిండకముందే నొప్పులు వస్తే ఇంట్లో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రండి. 34 వారాలలోపు అయితే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి పనిచేయడానికి కాస్త సమయం కావాలి.

"పుట్టినప్పటి కంటే బరువు తగ్గింది, సరిగా చూడట్లేదు."

మొదటి వారంలో బరువు తగ్గడం మామూలే. ఒంట్లో ఎక్కువగా ఉన్న నీరు పోతుంది. నెలలు నిండని పిల్లల్లో 10 నుంచి 15 శాతం దాకా తగ్గవచ్చు. 1200 గ్రాములతో పుట్టిన బిడ్డ 1080కి వచ్చిందంటే అది మేం అనుకున్నదే. మళ్లీ పుట్టిన బరువుకు రావడానికి రెండు వారాలు పడుతుంది, బాగా చిన్న పిల్లలకు ఇంకొంచెం ఎక్కువ. ఆ తర్వాత కిలో బరువుకు రోజుకు 15 నుంచి 20 గ్రాములు పెరిగితే చాలు. ఒకరోజు పెరగకపోయినా కంగారు పడొద్దు, వారం మొత్తం మీద చూడాలి.

బరువు ఒక్కటే అడిగితే బిడ్డ సంగతి సగమే తెలుస్తుంది. డాక్టర్ గారు వచ్చినప్పుడు ఈ మూడు అడగండి: ఊపిరికి ఇచ్చే సాయం నిన్నటి కంటే తగ్గిందా? పాలు ఎన్ని ఎం.ఎల్.కి వచ్చాయి, అరుగుతున్నాయా? మధ్యలో ఊపిరి ఆగిందా?

"మానిటర్‌లో నూరు ఉంటేనే మంచిది."

ఆ అంకె రక్తంలో ఆక్సిజన్ శాతం. బిడ్డకు ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు నూరు మంచిది కాదు. 90 నుంచి 95 మధ్య ఉండేలా చూస్తాం. ఆక్సిజన్ ఎక్కువైతే కంటి వెనక పొరలో పెరుగుతున్న రక్తనాళాలు దెబ్బతింటాయి. అందుకే 98 కనిపిస్తే మీకు సంతోషం, మేం మాత్రం ఆక్సిజన్ తగ్గిస్తాం. ఆక్సిజన్ తీసేసి మామూలు గాలి పీలుస్తున్న బిడ్డకు నూరు ఉన్నా ఇబ్బంది లేదు.

మోత వచ్చిన ప్రతిసారీ ప్రమాదం కూడా కాదు. బిడ్డ కాలు కదిపితే సెన్సర్ జరిగి మోగుతుంది. మేం ముందు బిడ్డను చూస్తాం, తర్వాతే మిషన్ని. అయితే ఊపిరి తీసుకోమని చెప్పే మెదడు భాగం ఇంకా ఎదగలేదు కాబట్టి, ఈ పిల్లలు నిజంగానే ఊపిరి ఆపేస్తుంటారు. 20 సెకన్లు దాటితే దాన్ని ఆప్నియా అంటాం. వెంటనే అరికాలో వీపో నిమిరి కదిలిస్తాం, కెఫీన్ మందు ఇస్తాం. వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది.

"మిషన్ తీసి మళ్లీ పెట్టారంటే కేసు మొదటికొచ్చినట్టే."

కాదమ్మా. సీప్యాప్ అంటే ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడే మిషన్. దాన్ని తీసి చూస్తాం, బిడ్డ అలసిపోతే మళ్లీ పెడతాం. ఊపిరి కోసం కష్టపడి ఖర్చయ్యే శక్తి ఎదుగుదలకు మిగలాలి కదా. రెండు మూడుసార్లు ఇలా జరగడం సాధారణం. ఒక్కోసారి ఇన్ఫెక్షన్ వల్ల కూడా మళ్లీ పెట్టాల్సి వస్తుంది. అందుకని ఎందుకు పెట్టారని అడగండి, చెప్పించుకోవడం మీ హక్కు.

"రెండు చుక్కల పాలతో ఏమవుతుంది? డబ్బా పాలు పట్టండి."

ఆ రెండు చుక్కల ముర్రుపాలు బిడ్డకు మందుతో సమానం. నెలలు నిండని పిల్లల పేగులకు వచ్చే ప్రాణాంతకమైన జబ్బు తల్లిపాలు తాగేవాళ్లలో తక్కువ. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కుదరడానికి, కడుపులో ఉన్న వారాలతో కలిపి 34 వారాలు రావాలి. అందాకా సన్నటి గొట్టంతో పడతాం. బాలింతకు సొరపిట్టు (సొరచేప పొడికూర) పెడితే పాలు పడతాయని మన వైపు అంటారు. ఏం తిన్నా, పాలు పెరిగేది తీసే కొద్దీనే. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, రోజుకు ఎనిమిది సార్లయినా తీయాలి. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించొద్దు.

"ముట్టుకుంటే ఇన్ఫెక్షన్ వస్తుంది, పచ్చి బాలింత ఆసుపత్రిలో తిరగకూడదు."

చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, అది నిజం. అంతేగానీ తల్లి దూరంగా ఉండటమే నష్టం. బిడ్డను తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకోవడాన్ని కంగారూ కేర్ అంటాం. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. తర్వాత మన దేశంతో సహా ఐదు దేశాల్లో కిలో నుంచి 1.8 కిలోలలోపు పిల్లల మీద పరిశోధన చేశారు. పుట్టిన వెంటనే కంగారూ కేర్ మొదలుపెడితే, నిలకడ వచ్చేదాకా ఆగి మొదలుపెట్టిన దానికంటే మొదటి 28 రోజుల మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయని 2021లో ఫలితాలు వచ్చాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమని చెప్పింది. తల్లికి ఒంట్లో బాగాలేకపోతే నాన్న చేయొచ్చు, అమ్మమ్మ చేయొచ్చు. లుంగీ మీద వచ్చిన నాన్నలు మొదట సిగ్గుపడతారు. బిడ్డ గుండె మీద పడుకుని నిద్రపోయాక ఇక దించమన్నా దించరు.

"ఇంటికొచ్చేసింది, ఇక భయం లేదు."

ఇంటికి పంపేముందు కొన్ని చెప్తాం. సాంబ్రాణి పొగ వేయొద్దు, ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ముక్కుల్లో, చెవుల్లో నూనె పోయొద్దు. తేనె నాకించొద్దు. టీకాలు పుట్టిన తేదీ లెక్కన వేయించాలి. మెడ నిలపడం, కూర్చోవడం లాంటివి మాత్రం నెలలు నిండి పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసి చూడాలి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయేది కంటి పరీక్ష. 34 వారాలలోపు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష జరగాలి. 28 వారాలలోపు పిల్లలకు, 1200 గ్రాములలోపు వాళ్లకు రెండు మూడు వారాలకే చేయాలి. "కళ్లు బాగానే తిప్పుతోంది కదా" అంటారు. లోపలి జబ్బు పైకి కనపడదు, కనపడేసరికి చూపు పోయి ఉంటుంది. సమయానికి పట్టుకుంటే లేజర్‌తో చాలామందికి చూపు నిలుస్తుంది. ఒకసారి చూపించి ఆపొద్దు, రక్తనాళాలు పూర్తిగా ఎదిగాయని డాక్టర్ చెప్పేదాకా రావాలి. డిశ్చార్జి కాగితంలో తర్వాతి పరీక్ష తేదీ లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి. నాట్ల పనులున్నా, ఇంట్లో శుభకార్యం ఉన్నా ఆ తేదీ మాత్రం దాటనివ్వొద్దు.