ఫుట్‌బాల్ లోన్ ఒప్పందాలు: కింది డివిజన్లలో వినిపించే అపోహలు, కాగితం మీది వాస్తవాలు

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గురించి మనవాళ్లకు చెప్పక్కర్లేదు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అని మూడు డివిజన్లు, ఒక్కోదాంట్లో 24 క్లబ్బులు ఉంటాయి. వాటి కింద నేషనల్ లీగ్, ఆ కింద దాని నార్త్, సౌత్ విభాగాలు, ఇంకా కిందికి ప్రాంతీయ లీగులు. నా పనంతా ఈ కింది మెట్ల మీదే. క్లబ్బుల తరఫున ఆటగాళ్ల రిజిస్ట్రేషన్లు, లోన్ కాగితాలు చూస్తాను. ఒక క్లబ్ తన ఆటగాణ్ణి కొన్ని నెలలకో, సీజన్‌కో ఇంకో క్లబ్‌కు పంపడమే లోన్. అసలు కాంట్రాక్టు ఇచ్చిన క్లబ్‌తోనే ఉంటుంది, ఆట మాత్రం తీసుకున్న క్లబ్‌కు ఆడతాడు.

ఇది న్యాయంగా ఉందా లేదా అనగానే అందరూ ముందు జీతం సంగతే అడుగుతారు. ఎవరి వాటా ఎంత అని. నేను ముందు చూసేది వేరు. అనుకున్నది జరగకపోతే, అంటే కుర్రాడికి దెబ్బ తగిలినా, కోచ్ మారినా, జనవరిలో వెనక్కి పిలిచినా నష్టం ఎవరి నెత్తిన పడుతుందో చూస్తాను. అన్యాయం ఉంటే ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

అపోహ: పెద్ద క్లబ్ ఆటగాణ్ణి ఊరికే ఇస్తోంది, చిన్న క్లబ్‌కు అంతా లాభమే.

ఊరికే అన్న మాట సాధారణంగా లోన్ ఫీజు లేదన్న అర్థంలో వాడతారు. ఫీజు లేకపోయినా జీతంలో వాటా ఉంటుంది. ఉండటానికి ఇల్లు, రాకపోకల ఖర్చు, గెలిస్తే బోనస్ ఉంటాయి. ఇవన్నీ కాక, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇంకొకటి ఉంది. ఆ స్థానంలో ఆడాల్సిన సొంత అకాడమీ కుర్రాడు బెంచ్ మీద కూర్చుంటాడు. అతను ఎదిగితే క్లబ్‌కు మిగిలేది, లోన్ మీద వచ్చినవాడు ఎదిగితే వేరేవాళ్లకు మిగులుతుంది. అద్దె ఇంటికి సొంత డబ్బుతో సున్నం వేయించుకున్నట్టే.

ఇంగ్లండ్ గోల్‌కీపర్ జోర్డన్ పిక్‌ఫర్డ్ సంగతే చూడండి. 2012 జనవరిలో సండర్లాండ్ అతన్ని డార్లింగ్టన్‌కు లోన్ ఇచ్చింది. అప్పుడతనికి 17 ఏళ్లు. డార్లింగ్టన్ అప్పటికే డబ్బుల్లేక అడ్మినిస్ట్రేషన్‌లో, అంటే దివాలా అంచున బయటి అధికారి చేతుల్లో ఉంది. అలాంటి క్లబ్ ఆ కుర్రాడికి 17 మ్యాచ్‌ల్లో గోల్‌కీపర్ చొక్కా ఇచ్చింది. తర్వాత ఆల్ఫ్రెటన్, బర్టన్, కార్లైల్, బ్రాడ్‌ఫర్డ్, ప్రెస్టన్ క్లబ్బులకూ లోన్ మీద వెళ్లాడు. 2017లో ఎవర్టన్ అతన్ని 25 మిలియన్ పౌండ్లకు, షరతులు నెరవేరితే 30 మిలియన్ల దాకా ఇచ్చేలా కొనుక్కుంది. దేశంలోపలి బదిలీ కాబట్టి, శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు బదిలీ ఫీజులో దక్కే ఫిఫా సాలిడారిటీ వాటా ఈ ఆరు క్లబ్బులకూ వర్తించలేదు.

లోన్లు వద్దని నేను అనడం లేదు. డార్లింగ్టన్‌కు ఆ రోజు గోల్‌కీపర్ అవసరం, పిక్‌ఫర్డ్‌కు మ్యాచ్‌లు అవసరం. నా బాధల్లా చిన్న క్లబ్బులు బేరానికి కూర్చునేటప్పుడే ఎదుటివాళ్లు ఉపకారం చేస్తున్నారన్న మొహమాటంతో కూర్చోవడం. అకాడమీ మ్యాచ్‌లో ఎన్నటికీ దొరకనిది మీ దగ్గర ఉంది. మూడు వేలమంది అరుస్తుంటే, ముప్పై ఏళ్ల స్ట్రైకర్ మోచేత్తో నెడుతుంటే, పాయింట్లు పోతే జీతాలు పోయే మ్యాచ్ అది. దానికి ధర ఉంది. అడగండి.

అపోహ: లోన్ ముగిశాక చిన్న క్లబ్‌కు ఇక పైసా రాదు.

ఇది సగమే నిజం. ఆటగాడు తర్వాత ఎప్పుడైనా దేశం దాటి ఫీజుతో బదిలీ అయితే, ఆ ఫీజులో 5 శాతం ఫిఫా సాలిడారిటీ నియమం కింద అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా కాలం లెక్క. మొదటి నాలుగేళ్లకు ఏడాదికి ఫీజులో 0.25 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.5 శాతం. లోన్ మీద ఉన్న కాలం తీసుకున్న క్లబ్ ఖాతాలోకే వస్తుంది. అంటే 19 ఏళ్లప్పుడు మీ దగ్గర పూర్తి సీజన్ ఆడినవాడు తర్వాత 10 మిలియన్ పౌండ్లకు విదేశీ క్లబ్‌కు వెళ్తే మీ వాటా 50 వేల పౌండ్లు. సగం సీజన్ అయితే 25 వేలు. నేషనల్ లీగ్ క్లబ్‌కు ఇది చిన్న సొమ్ము కాదు.

ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్ 2011 జనవరిలో టోటెన్‌హామ్ నుంచి లేటన్ ఓరియంట్‌కు, మరుసటి ఏడాది మిల్‌వాల్‌కు లోన్ మీద వెళ్లాడు. 2023 ఆగస్టులో బయెర్న్ మ్యూనిక్‌కు బదిలీ అయ్యాడు. అన్నేళ్ల నాటి రిజిస్ట్రేషన్ తేదీలకు విలువ వచ్చేది ఇలాంటప్పుడే. 2022 నవంబర్ నుంచి ఫిఫా క్లియరింగ్ హౌస్ ఈ పంపకాలు చూస్తోంది. ఆటగాడి ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టులో, అంటే అతను ఏ క్లబ్‌లో ఎప్పుడు ఉన్నాడో చెప్పే రికార్డులో, మీ పేరు, తేదీలు సరిగ్గా ఉంటేనే అది మీ వైపు చూస్తుంది. అందుకే లోన్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ సరిగ్గా ఎక్కాయో లేదో అదే వారంలో చూసుకోమని ప్రతి క్లబ్ సెక్రటరీకీ చెబుతుంటాను.

అపోహ: ఇన్ని మ్యాచ్‌లు ఆడించాలన్న షరతు ఉంటే ఆటగాడికి రక్షణ.

ఎక్కువ గొడవలు చూసింది ఇక్కడే కాబట్టి దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను.

షరతు సాధారణంగా ఇలా ఉంటుంది. మొదటి పదకొండుమందిలో ఆడితే తీసుకున్న క్లబ్ జీతంలో పావు వంతు కడుతుంది. బెంచ్ మీదుంటే సగం. జట్టులోనే లేకపోతే మొత్తం. ఇచ్చే క్లబ్ ఉద్దేశం అర్థమవుతుంది, కుర్రాణ్ణి పంపింది కూర్చోబెట్టడానికి కాదు కదా. కానీ దీనివల్ల టీమ్‌ను ఎంచుకునే కోచ్ నెత్తిన లెక్కల పుస్తకం పెట్టినట్టవుతుంది. శుక్రవారం ప్రాక్టీస్ అయ్యాక కోచ్ ఆఫీసులోకి వచ్చి "రేపు వీణ్ణి పక్కన పెడితే మనకు ఎంత పడుతుంది?" అని అడిగిన సందర్భాలున్నాయి. ఆ ప్రశ్న కోచ్ అడగాల్సి రావడమే తప్పు. అతనికంటే బాగా ఆడుతున్న ఇంకో కుర్రాడు ఆ శనివారం జట్టులో చోటు పోగొట్టుకుంటాడు, కారణం కూడా తెలియదు.

ఒక ఒప్పందం నాకు బాగా గుర్తు. "అందుబాటులో ఉన్న మ్యాచ్‌లన్నింటిలో" అని రాశారు గానీ, అందుబాటు అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. మిడ్‌ఫీల్డర్‌కు తొడ వెనక కండరం పట్టేసింది. మూడు వారాలు ఆడలేదు. తిరిగొచ్చాక రెండు మ్యాచ్‌లు బెంచ్ మీద నుంచి ఇరవై నిమిషాలే ఆడించారు. ఏ ఫిజియో అయినా అదే చేయమంటాడు. నెలాఖరుకు ఇచ్చిన క్లబ్ నుంచి ఇన్వాయిస్ వచ్చింది. ఆ మూడు వారాలూ ఆడించనట్టు లెక్కకట్టి పూర్తి జీతం, మిగతా రెండు వారాలకు సగం. కట్టనంటే కుర్రాణ్ణి వెనక్కి తీసుకుపోతారేమోనన్న భయం. తీసుకున్న క్లబ్ కట్టింది. కుర్రాడికైతే తన గాయం క్లబ్‌కు ఖర్చయిందన్న దిగులు. మరుసటి నెల కాలు లాగుతున్నా చెప్పకుండా ఆడాడు. రక్షణ కోసం పెట్టిన షరతు అతని కాలికే ముప్పు తెచ్చింది.

న్యాయమైన షరతు రాయడం కష్టమేమీ కాదు. గాయం, సస్పెన్షన్, జాతీయ జట్టు పిలుపు, అనారోగ్యం ఉన్న రోజులు లెక్కలోంచి తీసేయాలి. గాయం నుంచి వచ్చాక మొదటి రెండు వారాలు కూడా తీసేయాలి. గాయాన్ని ఎవరి డాక్టర్ ధ్రువీకరిస్తాడో పేరుతో సహా రాయాలి. నన్నడిగితే ఆడనందుకు జరిమానా కంటే, ఆడిన మ్యాచ్‌ల సంఖ్యను బట్టి వాటా తగ్గే పద్ధతే మేలు, అదీ నెల నెలా కాకుండా సీజన్ చివర ఒకేసారి. శనివారం జట్టు ఎంపిక మీద దాని బరువు పడదు.

అపోహ: రీకాల్ క్లాజ్ ఇద్దరికీ సమానమే.

ఒప్పందాలు చదివితే తెలుస్తుంది, చాలాసార్లు అది ఒకవైపే తెరుచుకునే తలుపు. ఇచ్చిన క్లబ్ జనవరిలో వెనక్కి పిలవొచ్చు. తీసుకున్న క్లబ్ మాత్రం తిప్పి పంపడానికి వీల్లేదు.

ఇది ఇప్పుడింత బాధించడానికి కారణం ఉంది. ఒకప్పుడు లీగ్ క్లబ్బులకు బదిలీ విండో (ఆటగాళ్లను మార్చుకోవడానికి ఇచ్చే గడువు) మూసేశాక కూడా ఎమర్జెన్సీ లోన్లు ఉండేవి. ఒకరు పోతే వారంలో ఇంకొకరిని తెచ్చుకునేవారు. 2016-17 సీజన్ నుంచి అవి పోయాయి. గోల్‌కీపర్ల విషయంలో మాత్రం అత్యవసర వెసులుబాటు మిగిలింది. కాబట్టి జనవరి 31 రాత్రి మీ స్ట్రైకర్‌ను వెనక్కి పిలిస్తే మే నెల దాకా ఆ చోటు దాదాపు ఖాళీయే. అప్పటికే అతను పది గోల్స్ కొట్టి ఉంటాడు, అందుకే పిలిచారు. అతను బాగా ఆడినందుకు శిక్ష అనుభవించేది అతన్ని నమ్మి ఆడించిన క్లబ్.

అడగాల్సినవి రెండే. రీకాల్ నిర్ణయం జనవరి మొదటి పది రోజుల్లోపే చెప్పాలి, ఆ తర్వాత చెల్లదు. అదే గడువులో తీసుకున్న క్లబ్‌కూ తిప్పి పంపే హక్కు ఉండాలి. మొదటిదానికి పెద్ద క్లబ్బులు అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటాయి. రెండోదానికి పెనుగులాట తప్పదు. ఎందుకంటే తిరిగొచ్చినవాడికి పూర్తి జీతం వాళ్లే కట్టాలి.

ఇక్కడ ఆటగాడికి అనుకూలమైన నియమం ఒకటుంది. లోన్ మధ్యలో తెగిపోతే ఆటగాడికి తన క్లబ్‌కు తిరిగి వెళ్లే హక్కుందని, ఆ క్లబ్ వెంటనే అతన్ని చేర్చుకోవాలని ఫిఫా నియమాల్లో ఉంది. మధ్యలో ఎటూ కాకుండా వదిలేయడానికి వీల్లేదు.

అపోహ: ఇచ్చిన క్లబ్ మీద ఆడకూడదన్న షరతుకు డబ్బు ముడిపెట్టినా తప్పులేదు.

ఆడకూడదని లీగే నియమం పెట్టడం వేరు. ప్రీమియర్ లీగ్‌లో అలాగే ఉంది. ఇంగ్లండ్‌లో అన్ని స్థాయిల క్లబ్బులూ ఆడే ఎఫ్ఏ కప్‌లో అయితే లోన్ ఆటగాడు ఆడాలంటే సొంత క్లబ్ రాతపూర్వక అనుమతి కావాలి. ఆడించాలంటే ఇంత కట్టు అని ఒప్పందంలో రాయడం వేరు. చెల్సీ నుంచి అట్లెటికో మాడ్రిడ్‌కు లోన్ మీద వెళ్లిన గోల్‌కీపర్ కుర్టువా, 2014లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో చెల్సీ మీదే ఆడాల్సి వచ్చింది. అతన్ని ఆడిస్తే అట్లెటికో భారీ సొమ్ము కట్టాలన్న క్లాజ్ బయటికొచ్చింది. అలాంటి క్లాజ్ చెల్లదని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ తేల్చి చెప్పింది. కుర్టువా ఆడాడు, అట్లెటికో ఫైనల్‌కు వెళ్లింది. ఎదుటి జట్టు ఎంపిక మీద డబ్బుతో పట్టు సంపాదించడాన్ని ఫిఫా నియమాలూ ఒప్పుకోవు. కింది డివిజన్లలో ఇలాంటి షరతు మెయిల్‌లో ఒక వాక్యంగానో, నోటిమాటగానో వస్తుంది. మీకు వస్తే ఒప్పుకోకండి.

అపోహ: గాయమైతే ఆడించుకున్న క్లబ్‌దే బాధ్యత.

కాగితంలో ఎలా ఉంటే అలా. చాలా ఒప్పందాల్లో పెద్ద చికిత్స, ఆపరేషన్ ఇచ్చిన క్లబ్ వైద్యుల చేతుల్లోనే ఉంటాయి. రాయకపోతే స్కాన్ బిల్లు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూ ఉంటుంది, కుర్రాడు ఆ రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

అపోహ: లోన్లకు హద్దు లేదు, ఎంతమందినైనా తెచ్చుకోవచ్చు.

2012-13లో వాట్‌ఫర్డ్ అదే చేసింది. దాని యజమానులైన పొజ్జో కుటుంబానికి అప్పట్లో ఇటలీలో ఉడినేసే, స్పెయిన్‌లో గ్రనాడా, ఇంగ్లండ్‌లో వాట్‌ఫర్డ్ మూడూ ఉండేవి. విదేశీ లోన్లు దేశీయ పరిమితిలోకి రావన్న సందుతో ఒకే సీజన్‌లో పెద్ద సంఖ్యలో ఆటగాళ్లు వచ్చారు. మరుసటి ఏడాది లీగ్ ఆ సందు మూసింది. ఇక 2022 జూలై 1 నుంచి ఫిఫా నియమం ప్రకారం అంతర్జాతీయ లోన్ ఏడాదికి మించకూడదు, లోన్ మీద ఉన్నవాణ్ణి మళ్లీ లోన్ ఇవ్వకూడదు, ఒకే రెండు క్లబ్బుల మధ్య ఒక సమయంలో మూడుకు మించకూడదు. మొత్తం పరిమితి ఎనిమిది నుంచి మెల్లగా తగ్గి 2024 జూలైకి ఆరుకు వచ్చింది. 21 ఏళ్లు దాటని, క్లబ్ తానే తయారుచేసుకున్న ఆటగాళ్లు ఆ లెక్కలోకి రారు. దేశీయ లోన్లకు ఎవరి నియమాలు వాళ్లు చేసుకోవాలని జాతీయ సంఘాలకు మూడేళ్ల గడువిచ్చారు.

అపోహ: ఇది రెండు క్లబ్బుల వ్యవహారం, ఆటగాడికి మాట లేదు.

సంతకాలు మూడు. మూడోది ఆటగాడిది, అది లేకపోతే లోన్ లేదు. కానీ 18 ఏళ్ల కుర్రాణ్ణి ఆఫీసులో కూర్చోబెట్టి, ఇటు అకాడమీ మేనేజరు, అటు ఏజెంటు నిలబడి పెన్ను చేతికిస్తే వద్దనగలడా? అందుకే ఇక్కడి మన తెలుగు తండ్రి ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, మావాడికి లోన్ వచ్చింది, సంతకం పెట్టేయమంటారా?" అంటే ముందు కాగితం పంపమంటాను. చూడాల్సినవి ఇవి: జీతం ఏ తేదీన ఏ క్లబ్ ఖాతా నుంచి పడుతుంది, రెండూ కట్టకపోతే ఎవరిని అడగాలి. ఇల్లు ఎవరిస్తారు, రీకాల్ అయితే ఆ అద్దె మిగతా నెలలు ఎవరు కడతారు. బోనస్ ఏ క్లబ్ పట్టిక ప్రకారం. గాయమైతే ఏ డాక్టర్.

ఇవే ప్రశ్నలు మన దగ్గరా అడగాలి. 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైనప్పుడు, అంతకుముందు నుంచే ఉన్న జాతీయ లీగ్ ఐ-లీగ్‌లోని క్లబ్బుల ఆటగాళ్లు చాలామంది లోన్ మీదే అక్కడ ఆడారు. 2015లో బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడైన సునీల్ ఛెత్రిని ముంబై సిటీ వేలంలో 1.20 కోట్లకు తీసుకుంది. ఛెత్రి లాంటివాడి కాగితాలు చూసేందుకు మనుషులుంటారు. శ్రీనిధి దక్కన్ లాంటి క్లబ్‌కు హైదరాబాద్‌లో ఆడుతూ రేపు ఇంకో రాష్ట్రానికి లోన్ మీద వెళ్లబోయే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎవరూ ఉండకపోవచ్చు. అతను చేయాల్సిన మొదటి పని, మూడు సంతకాలూ పడిన ఒప్పందం కాపీ అడిగి తీసుకోవడం, ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో తన లోన్ తేదీలు ఆ కాపీలో ఉన్నట్టే ఎక్కాయో లేదో బస్సెక్కే ముందే చూసుకోవడం.