దవడ గడ్డ పరీక్షకు వెళ్లేటప్పుడు ఎక్స్‌రే కూడా వెళ్లాలి

దవడ వాచిందంటే మన గోదావరి ఊళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. "పన్ను పుచ్చింది, పీకించెయ్" అనేది ఒకటి, "క్యాన్సరేమో" అనేది రెండోది. రెండూ కాని గడ్డలు కొన్నున్నాయి. అవి కొత్తగా ఎముకను, లేదా ఎముకలాంటి గట్టి పదార్థాన్ని పుట్టిస్తాయి, మెల్లగా పెరుగుతాయి, ఇతర భాగాలకు పాకవు.

వాటిలో పంటివేరుకు అతుక్కుని పెరిగే సిమెంటోబ్లాస్టోమా అనే గడ్డను చూడండి. ఎక్కువగా కుర్రవయసులో, కింది దవడలోని మొదటి పెద్ద దవడపంటికి వస్తుంది. నొప్పి, వాపు ఉంటాయి. కానీ ఐస్ ముక్క తాకిస్తే పన్ను జివ్వుమంటుంది, అంటే లోపలి నరం బతికే ఉంది. చీము పట్టి నరం చచ్చిన పన్ను అలా స్పందించదు. ఎక్స్‌రేలో వేరు కొస కరిగిపోయి తెల్లటి ముద్దలో కలిసిపోతుంది, ముద్ద చుట్టూ సన్నని నల్ల అంచు ఉంటుంది. పన్నూ గడ్డా కలిపి పూర్తిగా తీసేయాలి, కొంత మిగిలితే మళ్లీ రావచ్చు.

ఆస్టియోబ్లాస్టోమా అనే మరో గడ్డ మైక్రోస్కోపు కింద అచ్చం ఇలాగే ఉంటుంది. రెండింట్లోనూ ఫాస్ అనే జన్యువు తెగి వేరేచోట అతుక్కోవడం కనిపించింది. గడ్డ పంటివేరుకు అతుక్కుని ఉందా లేదా అన్నదే అసలు తేడా, దాన్ని చూపించేది ఎక్స్‌రే. అమలాపురంలో గడ్డ నుంచి పరీక్షకు తీసిన ముక్క, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో రాజమండ్రికో భీమవరానికో వెళ్లి, ఎక్స్‌రే మాత్రం ఇంట్లో బీరువాలో ఉండిపోతే, పరీక్షించే డాక్టరుకు సగం సమాచారమే చేరినట్టు. దయచేసి ఫిల్మ్ కూడా పంపమని అడగండి. రిపోర్టు ఆలస్యమైతే కంగారు పడకండి. గట్టి ఎముకను ఆమ్లంలో నానబెట్టి మెత్తబరిచాకే పలచగా కోయగలరు, దానికి రోజులు పడుతుంది.

అన్నిటికీ ముక్క తీయక్కర్లేదు కూడా. నడివయసు ఆడవాళ్లలో కింది ముందుపళ్ల వేర్ల దగ్గర కనిపించే సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా అనే ఎముక మార్పును సాధారణంగా ఎక్స్‌రేతోనే గుర్తుపడతారు. దాన్ని కెలికితే చీము పట్టే ప్రమాదం ఉంది.

ఆస్టియోమా అంటే నొప్పిలేని గట్టి ఎముక బుడిపె. ఒక్కటుంటే భయం లేదు. చాలా ఉండి, అదనపు పళ్లు కూడా ఉంటే గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బును అనుమానించి పెద్దపేగు పరీక్ష చేయించాలి. ఆ జబ్బులో పేగులోపల మొలిచే పాలిప్‌లను (చిన్న కండ బుడిపెలను) వదిలేస్తే దాదాపు తప్పకుండా క్యాన్సర్‌గా మారతాయి.

కింది పెదవి మొద్దుబారినా, కారణం లేకుండా పళ్లు కదిలినా, వాపు వేగంగా పెరిగినా మాత్రం ఆగొద్దు. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ మొదట్లో ఈ మామూలు గడ్డల్లాగే కనిపించవచ్చు.